తెరచాప మీద వేలిముద్రలు

ఆవిడ కుడిచేతి వేళ్ళలో రెండింటికి గోళ్ళు లేవు. నేను మొట్టమొదట అసూయపడింది ఆ రెండు మొండి వేళ్ళను చూసే.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్ళు. దోహాలో, అల్ ముంతజాలో, రెండు గదుల ఫ్లాటు. కిటికీలో రోజంతా రొద పెట్టే ఏసీ. మా ఆయన ఒక కన్సల్టెంట్ల కంపెనీలో ఇంజనీరు. చమురు డబ్బు వరదలా వచ్చిపడుతున్న రోజులవి. నిన్న ఇసుక మేట వేసి ఉన్న జాగాలో ఇవాళ పునాది గోతులు కనబడేవి. ఊళ్ళో ప్రతివాడికీ ఊపిరాడనంత పని, నాకు మాత్రం వారానికోసారి గోళ్ళరంగు మార్చుకునేంత తీరిక. ఆ గోళ్ళున్న చేతులు విశాఖలో మూడేళ్ళు శిల్పం చదివిన చేతులు.

చదివానన్న మాటే గానీ, మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. మట్టి తొక్కి ముద్దలు చేసిపెట్టడం మా వంతు, అచ్చులు పోయడం మగపిల్లల వంతు. ఆఖరి ఏడాది పట్టుబట్టి ఒక ముసలమ్మ తల సిమెంటులో పోశాను. పెళ్ళయి నేనిటు వచ్చేశాక మా అమ్మ దాన్ని పాలగిన్నె మూత మీద బరువుగా పెట్టుకుంది. పిల్లి తొయ్యలేకపోతోందని, భలే పనికొచ్చిందని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చదివి మా ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

సముద్రం ఒడ్డున కొత్తగా కడుతున్న హోటలు ముంగిట్లో పెద్ద శిల్పం ఒకటి పెట్టాలని దాని యజమానులకు బుద్ధి పుట్టింది. ఈ దేశంలో మనిషి బొమ్మ వీధిలో నిలబెట్టరు కాబట్టి, గాలికి పొట్ట ఉబ్బిన తెరచాప కావాలన్నారు. అది చెయ్యడానికి ఫ్రాన్సు నుంచి ఒకావిడను పిలిపించారు. అరవై దాటిన మనిషి, మగవాళ్ళ ప్యాంటు, పొట్టిజుట్టు. ఆవిడ సైటంతా తిరిగి, గోడలకు గిలాబు చేసే మేస్త్రీలు సిమెంటు మాలు విసరడం రెండు రోజులు నిలబడి చూసి, ఒక్కణ్ణి ఏరుకుంది. అతను జగిత్యాల దగ్గరి పల్లెవాడు, నలభై ఏళ్ళుంటాయి. ఆవిడకు వచ్చింది ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. అతనికి తెలుగు, పైన సైటులో నేర్చిన నాలుగు హిందీ ముక్కలు. మధ్యలో మాట అందించేవాళ్ళు కావాలి. ఆ హోటలు పని మా ఆయన కంపెనీదే.

"నువ్వు ఖాళీయేగా, వెళ్ళు," అన్నాడాయన.

ఖాళీ అన్న మాటకు నాకు కోపం రావాలి. శిల్పి అన్న మాట చెవిన పడ్డాక ఇంకేదీ వినిపించలేదు. ఆ రోజే గోళ్ళ రంగు తుడిచేసి గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాను. ఒక శిల్పి ఇంకో శిల్పిని చూడగానే పోల్చుకుంటుందని నా పిచ్చి నమ్మకం. నేను చదివిన సంగతి నోటితో చెప్పకూడదు, ఆవిడే కనిపెట్టాలి, కనిపెట్టి ఇదిగో ఈ ముద్ద పట్టుకో అనాలి. ఆ పని నడిచిన మూడు నెలలూ నేను కోరుకున్నది అదొక్కటే.

ఆవిడ నన్ను చూసి తల ఊపింది. మేస్త్రీ చేతులు మాత్రం రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

పని తెల్లవారుజామున ఐదింటికి మొదలయ్యేది, పదింటికల్లా ఎండకు ఆగిపోయేది. ఇనప చువ్వలు వంచి తెరచాప ఆకారం కట్టి, దాని మీద తీగల జాలీ బిగించి, సిమెంటు మాలు పొరలు పొరలుగా ఎక్కించడం. పైపొర దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తాపీ పక్కన పడేసి చేత్తోనే ఒత్తేది. అరచేత్తో ఒక ముద్ద, దాన్ని నాలుగు వేళ్ళతో కిందికి ఒక లాగుడు. పక్కన ఇంకో ముద్ద. మేస్త్రీ కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"ఏందమ్మా గిది? దొరసాని గోడకు పిడకలు కొడుతున్నది," అన్నాడు.

నిజంగా అలాగే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. ఏమన్నాడని ఆవిడ అడిగితే, బాగుందంటున్నాడని చెప్పాను. మాట మార్చడం నాకు ఎంత తేలికో ఆ రోజే తెలిసింది.

వారం తిరిగేసరికి అతను ఆవిడ కంటే బాగా ఒత్తుతున్నాడు. ఆవిడ నిచ్చెన కింద నిలబడి, చేతులు కట్టుకుని చూసేది. దుబాయ్‌లో పెద్ద దొరసాని కింద తెరచాప కడుతున్నానని పెళ్ళానికి క్యాసెట్టులో రికార్డు చేసి పంపానన్నాడు ఒకరోజు. ఇది దుబాయ్ కాదుగా అన్నాను. మా ఊరోళ్ళకు ఏ దేశమైనా దుబాయే అన్నాడు. అంత సంతోషంగా ఉన్నాడు. పాపం, అతని సంతోషం చూసి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఐదో తరగతి దాటని మనిషికి, అదేమిటో తెలియకుండానే, నేను కోరుకున్నదంతా అరచేతిలో పడింది. పైగా అతను దాన్ని పిడకలంటున్నాడు.

టీ తాగే వేళ ఆవిడ నాతో తన కథ చెప్పేది. తండ్రి సమాధి రాళ్ళు చెక్కేవాడు. ఉలి కొడుక్కి ఇచ్చాడు, కూతురికి చీపురిచ్చాడు. యుద్ధానికి వెళ్ళిన అన్న తిరిగి రాలేదు. అప్పుడు ఊళ్ళో చచ్చినవాళ్ళ పేర్లు చెక్కడానికి చేతులు చాలక ఈవిడ ఉలి పట్టుకుంది. తర్వాత నగరానికి వెళ్ళింది. అక్కడ కంచు పోసే కార్ఖానాలోకి ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. ఈవిడ రోజూ వెళ్ళి గుమ్మంలో నిలబడేది. ఒకనాడు పనివాడొకడు రాలేదు, ఈవిడ చొక్కా చేతులు పైకి మడిచి లోపలికి నడిచింది. పొమ్మనడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. రెండు గోళ్ళు పోయింది అక్కడే. ఆ ఊళ్ళో నడివీధిలో నిలబెట్టే బొమ్మ పని దొరికిన మొదటి ఆడది తనే. ఇంటిపేరు మాత్రమే రాసి పంపింది కాబట్టి మగవాడనుకుని ఇచ్చారు. బొమ్మ ఆవిష్కరించిన రోజు ఊరి పెద్ద వచ్చి ఈవిడ మొగుడికి చెయ్యి కలిపి అభినందించి వెళ్ళాడు. ఆ తర్వాత మొగుణ్ణి వదిలేసింది. చెయ్యి కలిపినందుకు కాదు, కలుపుతుంటే ఊరుకున్నందుకు.

నేను మా ఆయన్ను తలుచుకున్నాను. ఆయన చెడ్డవాడేం కాదు, ఇలా తలుచుకోవడం అన్యాయమే. అయినా తలుచుకున్నాను. ఆవిడకు పోయిన గోళ్ళున్నాయి, పోయిన మొగుడున్నాడు, పోయిన అన్న ఉన్నాడు. నాకేం పోయింది, పాలగిన్నె మీది తల తప్ప? కష్టాలను చూసి కూడా కుళ్ళుకునేవాళ్ళుంటారా అంటే, ఉంటారు.

"ఏం చెప్తున్నదమ్మా గంత సేపు?" అని మేస్త్రీ అడిగేవాడు.

ఏవో ఇంటి సంగతులు అని తేల్చేసేదాన్ని. ఆ కథ నాకు చెప్పింది, నాది. అతనికి పంచబుద్ధి కాలేదు. మెప్పుదల విషయంలోనూ అంతే. ఒకరోజు ఆవిడ నిచ్చెన దిగి, నలభై ఏళ్ళుగా ఇలాంటి చెయ్యి కోసం వెతికాను, ఇతను నా కుడిచెయ్యి అని చెప్పు, అంది. నేను మేస్త్రీ వైపు తిరిగి, "పని బాగుందట," అన్నాను. అంతే. పిడికెడు మాటలో చిటికెడు అందించాను. అందరిలో ఆ మెప్పును మొదట వినేది నేను, మింగేదీ నేనే.

అతనికి ఒకటే అనుమానం ఉండేది. "ఫినిషింగ్ ఎప్పుడమ్మా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. మేస్త్రీల లెక్క ప్రకారం గరుకు గరుకుగా ఉండేది అడుగుపూత. దాన్ని కావాలనే గరుకుగా వదులుతారు, పై పూత పట్టుకోవడానికి. ఆ తర్వాత సిమెంటు పాలు పూసి గుర్మాలాతో, అంటే నున్నటి రేకు తాపీతో, అద్దంలా నునుపు చేస్తేనే పని అయినట్టు. పూర్తయిన గోడ మీద వేలిముద్ర కనబడితే మేస్త్రీ పరువు పోయినట్టే. ఈ పిడకలన్నీ అడుగుపూత అని, అసలు పని ముందుందని అతని నమ్మకం. కాదని నాకు తెలుసు. ఆ వేలిముద్రలే గాలి అని, అవే తెరచాప అని ఆవిడ నాతో ఎన్నోసార్లు చెప్పింది. నేను అతని అనుమానం తీర్చలేదు. అప్పటికింకా దురుద్దేశమేమీ లేదు, చెప్పాలనిపించలేదు అంతే. తర్వాత జరిగినది చూస్తే ఆ మాటకు విలువ లేదనుకోండి.

తెరచాపకు ఊరి వైపు ముఖం ముందే పూర్తయి ఆరింది. సముద్రం వైపు ముఖం ఒక గురువారం పొద్దున పూర్తయింది. శుక్రవారం సెలవు. పాత చెక్క పడవలు చూడటానికి ఆవిడ అల్ ఖోర్ వెళుతూ, కారు ఎక్కబోయి నన్ను పిలిచింది. దీన్ని ఇలాగే వదిలెయ్యమను, ఇంక చెయ్యి పెట్టొద్దు, గోనెపట్టాలు తడిపి కప్పితే చాలు, అని గట్టిగా చెప్పింది. ఆపైన మేస్త్రీ వైపు చూసి, ఇతన్ని నా వెంట ఫ్రాన్సు తీసుకెళ్ళేదాన్ని కుదిరితే, అంది. తమాషాకే అంది. ఆ తమాషా నాకు గుచ్చుకుంది.

కారు వెళ్ళిపోయింది. మేస్త్రీ చేతులు కడుక్కుంటూ, "ఏమన్నదమ్మా? ఫినిషింగ్ నేనే చెయ్యాల్నా?" అన్నాడు.

"నీకు తెలియనిదేముంది మేస్త్రీ," అన్నాను.

అబద్ధం కాదు, నిజమూ కాదు. పైగా వినడానికి మెప్పుకోలులా ఉంది. ఆవిడ ఇచ్చిన మెప్పులన్నీ మింగి, నా తరఫున అతనికి నేనిచ్చిన ఒకే ఒక్క మెప్పు అది. అతను సంబరంగా తల ఊపాడు. నేను ఇంటికి వచ్చి పప్పుచారు పెట్టుకున్నాను.

శుక్రవారం, తన సెలవు రోజు, అతను క్యాంపు నుంచి బస్సెక్కి ఒక్కడే వచ్చాడట. ఆవిడను అబ్బురపరచాలని. శనివారం పొద్దున మేము వెళ్ళేసరికి గోనెపట్టాలు మడతపెట్టి ఉన్నాయి. సముద్రం వైపు ముఖం మొత్తం గాజుపలకలా నునుపుగా మెరుస్తోంది. అంత పని ఒక్కడు ఒక్కరోజులో చేశాడంటే ఎవరైనా దండం పెట్టాల్సిందే. అతను ఉతికిన చొక్కా వేసుకుని పక్కన నిలబడి ఉన్నాడు.

ఆవిడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి పెట్టింది. నిమిరింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. నా వైపు తిరిగింది.

"నేను చెప్పింది అతనికి చెప్పావా?"

"చెప్పాను," అన్నాను.

ఎంత త్వరగా అన్నానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మేస్త్రీ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఎట్లున్నదంట అమ్మా?"

"బాగుందట," అన్నాను.

ఆవిడ ఒక్క అరుపు అరవలేదు. చెప్పినా వినని చెయ్యి ఎంత గొప్పదైనా తనకు వద్దని, మెల్లగా, నాతో అంది. ఆ మాట నేను అతనికి అందించలేదు. అందించాల్సిన అవసరం రాలేదు. మర్నాటి నుంచి సైటు మేనేజరు అతన్ని దక్షిణాన ఎక్కడో ఫ్యాక్టరీ పనికి మార్చాడు. హోటలు దగ్గర పైన గుడ్డపందిరి ఉండేది, చల్లని నీళ్ళ డ్రమ్ము ఉండేది. అక్కడ రెండూ లేవని మా ఆయన మాటల్లో తెలిసింది. నేను విని, ఇంకాస్త పెరుగు వడ్డించాను.

ఇక నునుపు పొర చెక్కెయ్యాలి, మళ్ళీ మాలు ఎక్కించాలి, మళ్ళీ ఒత్తాలి. ఆవిడ ఒక్కతే మొదలుపెట్టింది. రెండో రోజు నాకు ఆగలేదు. నేను శిల్పం చదువుకున్నానండీ, అన్నాను. నా గొంతు నాకే ముష్టి అడిగినట్టుగా వినిపించింది.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అంది.

"మీరు అడగలేదు."

"నన్నెవరు అడిగారు?" అంది ఆవిడ.

కార్ఖానా గుమ్మం కథ అంతా నాకు చెప్పి ఉంది. విన్నాను, అసూయపడ్డాను. మాలు బొచ్చె నా కాళ్ళ దగ్గరే మూడు నెలలుగా ఉంది. వంగి ఒక్క ముద్ద తియ్యడం నాకు తోచలేదు. పిలుపు రావాలి కదా మరి, పేరంటానికి పిలిచినట్టు.

తొమ్మిది రోజులు నేనూ ఒత్తాను. కోరుకున్నది దొరికింది. ఎవరి చెయ్యి తొలగించి దొరకబుచ్చుకున్నానో తెలుసు కాబట్టి దొరికిన ప్రతి పొద్దూ దడగానే ఉండేది. మీకో సంగతి చెప్పాలి, ఆ దడలోనే నేను సంతోషంగా కూడా ఉన్నాను. సిమెంటు తిని వేళ్ళు పగిలాయి. ఆ పగుళ్ళు మా ఆయనకు చూపించుకున్నాను. ఆవిడ మాత్రం నా పనిని మెచ్చుకోలేదు. ఒకసారి నా మణికట్టు పట్టుకుని, అలా అనుమతి అడుగుతున్నట్టు ఒత్తకు, సిమెంటు జవాబు చెప్పదు, గట్టిపడిపోతుంది, అంది. అతని ఊసు మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేరోజు నాతో చెయ్యి కలిపింది. ఆ మొండి వేళ్ళు నా అరచేతికి తగిలాయి, ఇంత గరుకుగా.

ఆవిడతో నిజం చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మాలు సరిపోతుందా అని అడిగాను.

నాలుగేళ్ళు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున అబూ హమూర్ మార్కెట్లో గోంగూర కట్టలు ఏరుతుంటే, పక్కన బెండకాయల కొనలు విరిచి చూస్తున్న మనిషి తలెత్తాడు. జుట్టు సగం నెరిసింది. ముఖం ఎండకు మాడింది. నేను పోల్చుకునేలోపే అతను పోల్చుకున్నాడు.

"బాగున్నరా అమ్మా?"

బాగున్నామన్నాను. ఊరికి రెండుసార్లు వెళ్ళొచ్చానన్నాడు, కూతురి పెళ్ళి అయిందన్నాడు. నేను కట్టలు చేతిలో పట్టుకుని ఎప్పుడు కదులుదామా అని చూస్తున్నాను. అప్పుడు తనే తెరచాప సంగతి ఎత్తాడు. సెలవు దొరికినప్పుడు ఆ హోటలు రోడ్డు మీదికి పోయి చూసి వస్తుంటాడట.

"ఊరి దిక్కు నేను చేసింది అట్లనే ఉన్నదమ్మా. సముద్రం దిక్కు కూడ చూసిన. మీరు ఒత్తిన్రని ఆడున్న వాచ్‌మన్ చెప్పిండు." బెండకాయ ఒకటి విరిచి చూసి పక్కన పెట్టాడు. "జర భయపడుకుంట ఒత్తిన్రు. దొరసాని ఒత్తింది వేరే తెలుస్తది, మీది వేరే తెలుస్తది."

సిగ్గుపడాల్సిన చోట నాకు మళ్ళీ పాత కడుపుమంటే లేచింది. నాలుగేళ్ళు ఇసుకగాలిలో గోడలు కట్టిన మనిషి, రోడ్డు మీద నిలబడి చూసి, నా మూడేళ్ళ చదువును ఒక్క మాటలో కొలిచేశాడు. కొలత తప్పలేదు కూడా. ఆ మంటలోనే అనేశాను, లేకపోతే ఎన్నటికీ అనేదాన్ని కాదు. ఆవిడ చెయ్యి పెట్టొద్దని చెప్పింది, అది నేను మీకు చెప్పలేదు, అన్నాను. అతన్ని మీరు అనడం అదే మొదలు.

"ఎర్కనే," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. దొరసాని మొఖం ఒక తీరున్నది, మీ మాట ఒక తీరున్నది. బాగుందన్నోళ్ళ మొఖం అట్లుంటదా?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు? ఎవరికైనా చెప్పాల్సింది."

అతను బెండకాయల సంచి మూతి ముడివేశాడు. కోపంగా లేడు. తెలియనివాళ్ళకు దారి చెబుతున్నట్టు నిదానంగా చెప్పాడు.

"ఎవరికి చెప్పాలెనమ్మా? దొరసానికి చెప్పాలంటే, గా మాట ఇంగ్లీష్ల చెప్పెతందుకు మల్ల మీరే గావాలె గదా."

యల్లా, పదండి పదండి అని క్యాంపు బస్సువాడు కేకేస్తున్నాడు. వస్తనమ్మా అని అతను వెళ్ళి ఎక్కాడు. నేను గోంగూరకు డబ్బులిచ్చి ఇంటికి వచ్చాను.

అతని మాట ఆవిడకు అందించమని నన్ను ఎవరూ అడగలేదు, ఆవిడ ఇప్పుడు లేదు కూడా. అయినా ఇదంతా రాశాను. అతనన్నది అతనన్నట్టు, ఏమీ తగ్గించకుండా అందించడం నాకు ఇదే మొదటిసారి.